బండి మీద ఇల్లు, బండి కింద కుక్క



పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన ప్రశ్న మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు రాయడం లేదు, మన పూర్వ భాగం పిల్లవాడే. పుణేలో ఉద్యోగం. పడకలూ గ్యాస్ పొయ్యీ ఉన్న కారవాన్ వ్యాను అద్దెకు తీసుకుని తల్లిని కొంకణ్ సముద్రం చూపించడానికి తీసుకుపోదామని అనుకున్నాడు. ఆమె నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "మన కుక్క వస్తేనే నేనొస్తా." ఆ కుక్కకు పన్నెండేళ్ళు దాటాయి. వెనక కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. ఆమె చేట ముందు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్నంతసేపూ పక్కన పడుకున్నది అదే. "తీసుకుపోవచ్చా, ఎవరికైనా అనుభవం ఉందా?" అని ఆ తమ్ముడు అడిగాడు.

జవాబులు చూశాను. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు కొందరు. ఒక పెద్దాయన, "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు యాత్రా? ఇవి మన ఇళ్ళలో లేని అలవాట్లు" అని రాశారు. ఆ మాటలో మొదటి సగం కాదనలేం. ఆ సంగతికి చివర్లో వస్తాను. రెండో సగం మాత్రం చరిత్రకు నిలవదు. ఇల్లు బండి మీద పెట్టుకుని, కుక్కను వెంటేసుకుని దారి పట్టడం మనకు కొత్త కాదు. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పొడవైంది, తీరికగా చదవండి.

ముందు మాట సంగతి. 'వ్యాన్' అనేది ఇంగ్లీషువాళ్ళు 'కారవాన్' అనే మాటను కురచ చేసి వాడుకున్నది. కారవాన్ అసలు పారశీక మాట 'కార్వాన్', అంటే దూరదేశం పోయే వర్తకుల బిడారు. హైదరాబాదులో గోల్కొండ దారిలో ఉన్న కార్వాన్ పేట మనలో చాలామందికి తెలుసు. వజ్రాల వర్తకులూ బిడార్లూ దిగిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది. అంటే మన తమ్ముడు అద్దెకు తీసుకునే బండి పేరు గోల్కొండ కింద ఎప్పటి నుంచో ఉన్నదే.

ఆ రోజుల్లో దారులు ఎలా ఉండేవో 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియె రాసిపెట్టాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారిలో చక్రాల బండి నడపడం చాలా కష్టమని, సరుకంతా ఎద్దుల వీపు మీదే సాగేదని చెప్పాడు. పది పన్నెండు వేల ఎద్దుల బిడార్లను చూసి ఆశ్చర్యపోయాడు. ధాన్యమూ ఉప్పూ మోసే ఆ జనానికి ఊళ్ళో ఇళ్ళు ఉండవని, పెళ్ళాం పిల్లలతో డేరాల్లోనే బతుకుతారని రాశాడు. మనం బంజారాలు, లంబాడీలు అనేది వీళ్ళ వారసులనే. సముద్రతీరం ఉప్పు లోపలి దేశానికి, లోపలి దేశం ధాన్యం, గుడ్డ తీరానికి నడిచింది వీళ్ళ కాళ్ళ మీదే. మన తాతల తాతలు నేసిన గుడ్డలో కొంత ఆ ఎద్దుల వీపుల మీదే రేవు చేరి ఉంటుంది.

అంత సరుకుతో ఆరుబయట రాత్రులు గడిపేవాళ్ళకు కాపలా ఎవరు? కుక్కలే. మన దక్కన్‌లో సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, కోల మూతి ఉన్న వేటకుక్క ఒకటుంది. సోలాపూర్, బిజాపూర్, ముధోళ్ పల్లెల్లో దాన్ని ఇప్పటికీ 'కార్వానీ' అంటారు. బిడారు వెంట నడిచిన కుక్క అని అర్థం. ముధోళ్ రాజు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతి జంటను ఐదో జార్జి చక్రవర్తికి బహుమతిగా ఇచ్చాక దీనికి ముధోళ్ హౌండ్ అన్న పేరు గట్టిపడింది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కజాతుల మీద బిళ్ళలు వేసినప్పుడు అందులో ఇదీ ఉంది. ఒక కెన్నెల్ క్లబ్బు దీన్ని ముధోళ్ హౌండ్ అంటుంది, ఇంకొకటి కారవాన్ హౌండ్ అంటుంది. బండికీ కుక్కకూ ఒకే పేరు ఉన్న ప్రాంతం మనది.

బంజారాల కుక్క గురించి ఒక కథ దేశంలో చాలా చోట్ల చెప్పుకుంటారు. ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ జిల్లా ఖప్రీ ఊళ్ళో కుకుర్‌దేవ్ గుడి ఉంది. అక్కడా ఇదే కథ. కరువు వచ్చి ఒక బంజారా సాహుకారు దగ్గర అప్పు చేశాడు. కుదువ పెట్టడానికి ఏమీ లేక కుక్కనే పెట్టాడు. కొన్నాళ్ళకు సాహుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. సొత్తు దాచిన చోటికి కుక్క సాహుకారును తీసుకుపోయి చూపించింది. ఆయన సంతోషించి, "నీ కుక్క నీ అప్పు తీర్చేసింది" అని కాగితం రాసి దాని మెడకు కట్టి పంపాడు. దూరం నుంచి కుక్క రావడం చూసిన బంజారా, మాట తప్పి పారిపోయి వచ్చిందనుకుని కొట్టి చంపాడు. తర్వాత కాగితం చూశాడు. అప్పుడు గుడి కట్టించాడు. నిజంగా జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టండి. కుదువ అంటే ఏమిటో, సాహుకారు గుమ్మం అంటే ఏమిటో మన నేతగాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ అప్పు తీర్చింది మనిషి కాదు, అతని వెంట నడిచిన జంతువు. అతను దాని మాట వినకముందే కర్ర ఎత్తాడు. ఈ కథ ఇన్ని చోట్ల బతికి ఉండడానికి కారణం అదే అనుకుంటాను.

ఇక మన వలస సంగతి. సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్ళు మాధవరావు పేష్వా కాలం నుంచే ఉన్నారని పెద్దలు చెబుతారు. కానీ పెద్ద ఎత్తున మనవాళ్ళు వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలో. వరుసగా చూడండి. 1860లో బొంబాయి నుంచి రైలు సోలాపూర్ చేరింది. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు నిజాం రైలు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్కన్‌ను తినేసిన పెద్ద కరువు. ఆ కరువులోనే, 1877లో, మనం జూనీ మిల్లు అని పిలుచుకున్న సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. వెనక ఆకలి, అప్పు, మిల్లు గుడ్డతో పోటీ పడలేని చేతిమగ్గం. ముందర కూలి దొరికే ఊరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, పాలమూరు పల్లెల నుంచి మనవాళ్ళు కదిలారు.

రైలు ఎక్కే స్థోమత లేనివాళ్ళు, రైలు రాకముందు వచ్చినవాళ్ళు జహీరాబాద్, హుమ్నాబాద్, నల్‌దుర్గ్ మీదుగా నడిచారు, బండ్ల మీద వచ్చారు. బండిలో ఏముండేదో మన ఇళ్ళలో ముసలివాళ్ళు చెప్పగా విన్నాం: పన్నె, నాడె, రాట్నం, జొన్నల మూట, మార్కండేయుడి పటం, నడవలేని ముసలమ్మ, చంటిపిల్ల. ఎద్దుల వెనక, బండి కింద, నీడలో కుక్క. రాత్రి మజిలీలో నక్క వచ్చినా, దొంగ వచ్చినా ముందు లేచేది అదే. "బండి కింద పోయే కుక్క, బండిని తానే మోస్తున్నాననుకుందట" అని సామెత చెప్పుకుని నవ్వుతాం. గొప్పలు పోయేవాళ్ళను వెక్కిరించడానికి వాడతాం. కానీ ఆ సామెత పుట్టాలంటే ప్రతి బండి కిందా ఒక కుక్క నడిచి ఉండాలి కదా. రాత్రంతా మేలుకున్నది అదే అయినప్పుడు, మోస్తున్నాననుకోవడంలో దాని తప్పేముంది?

రైలు వచ్చాక ఈ జత విడిపోయిందని నా ఆలోచన. రైల్లో కుక్కను మూడో తరగతి పెట్టెలో పక్కన కూర్చోబెట్టుకునే వీలు లేదు. ఈ రోజుకీ రైల్వే నియమం చూడండి: మొదటి తరగతి ఏసీలో గది మొత్తం మీ పేరు మీద ఉంటేనే కుక్క మీతో రావచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో బోనులో వేయాలి. బోను టిక్కెట్టు కొనేంత డబ్బు కరువులో ఊరు వదిలినవాడికి ఎక్కడిది? బండి మీద వచ్చిన కుటుంబంతో కుక్క వచ్చింది, రైలెక్కిన కుటుంబం కుక్క స్టేషను దగ్గరే ఆగిపోయింది. తర్వాత మనవాళ్ళు ఇంకా పడమరకు, తీరానికి పోయారు: బొంబాయి మిల్లులు, కామాఠీపురా, భివండీ పద్మనగర్, అటు సూరత్. ఆ ప్రయాణాలన్నీ రైలువే. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బతికి, సముద్రం తీరికగా చూడని నేతగాళ్ళు మనలో ఎంతమందో!

సోలాపూర్ గల్లీల్లో మాత్రం కుక్క మళ్ళీ చేరింది. సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, కన్నా చౌక్ వైపు పాత ఇళ్ళు ఎరిగినవాళ్ళకు తెలుసు. గుంట మగ్గం లోపల, మనుషులు వాకిట్లో, కుక్క గల్లీది. పడుగు వీధిలో చాచి గంజి పట్టించే రోజుల్లో పిల్లలకు ఒక్కటే పని: మేక గానీ కుక్క గానీ పడుగు తొక్కకుండా చూడడం. అదిలించేదీ మనమే, మధ్యాహ్నం జొన్నరొట్టె ముక్క వేసేదీ మనమే. పవర్‌లూములు వచ్చాక మగ్గం కార్ఖానాలోకి పోయింది, ఇల్లు చాళ్‌లో ఒక్క గది అయింది. 2006లో కుంభారీలో గోదూతాయి పరుళేకర్ పేరుతో బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళు వచ్చాయి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో మరో 15 వేల ఇళ్ళ తాళాలు ఇచ్చారు. సొంత ఇంటి కోసం మన ఆడవాళ్ళు ఎన్నేళ్ళు పోరాడారో మనకు తెలుసు. అది గర్వించే చరిత్రే. కానీ ప్రతిసారీ ఇల్లు మారినప్పుడు సామాను టెంపోలో పోయింది, గల్లీ కుక్క పాత గుమ్మం ముందు ఉండిపోయింది. ఎవరూ పగబట్టి వదల్లేదు. టెంపోలో చోటు ఎవరిదో లెక్క వేసేటప్పుడు దాని పేరు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

"మన ఇళ్ళలో లేని అలవాటు" అన్న పెద్దాయనకు మన దేవుళ్ళనే సాక్షిగా పిలుస్తాను. పుణే రోడ్డు మీద బాళే ఖండోబా గుడికి మనలో పోనివాళ్ళు తక్కువ. చంపాషష్ఠికి ఎంత జనమో. ఖండోబా పక్కన కుక్క ఉంటుంది. ఆయన భక్తుల్లో వాఘ్యాలు తమను తాము దేవుడి కుక్కలుగా చెప్పుకుంటారు, అది వాళ్ళకు గౌరవం. ఆ ఖండోబానే మనం తెలంగాణలో కొమురవెల్లిలో, ఐనవోలులో మల్లన్నగా కొలుస్తాం. కాలభైరవుడి వాహనమూ కుక్కే.

ఇంకా పెద్ద సాక్షి భారతం. మహాప్రస్థానిక పర్వాన్ని మనం హిమాలయం ఎక్కే కథగానే గుర్తు పెట్టుకుంటాం. మొత్తం చదివితే అది ముందు తీరయాత్ర. పాండవులు ఐదుగురు, ద్రౌపది, ఏడవదిగా ఒక కుక్క హస్తినాపురం వదిలి మొదట తూర్పుకు పోతారు. అక్కడ సముద్రం ఒడ్డున అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు గాండీవాన్ని నీళ్ళలో వదిలేస్తాడు. అక్కడి నుంచి దక్షిణానికి, ఉప్పు సముద్రం ఒడ్డు వెంబడి నైరుతికి, ఆ తర్వాత పడమరకు తిరుగుతారు. మునిగిపోయిన ద్వారకను చూస్తారు. అప్పుడు గానీ ఉత్తరానికి మళ్ళరు. అంటే తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ఆ కుక్క నడిచింది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒక్కొక్కరే పడిపోయాక కూడా ధర్మరాజు వెంట మిగిలింది అదే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్క ఉన్నవాళ్ళకు స్వర్గంలో చోటు లేదంటాడు. వదిలెయ్ అంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలడం మహాపాపమని, అలాగైతే స్వర్గమే వద్దని ధర్మరాజు అంటాడు. అప్పుడు కుక్క ధర్మదేవతగా మారింది. దీన్ని తెలుగు చేసింది తిక్కన. రథంలో చోటు ఎవరిదన్న లెక్క అక్కడా వచ్చింది చూశారా. ధర్మరాజుకు దాని పేరు గుర్తుంది.

మనవాళ్ళే కాదు. 1960లో అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ ట్రక్కు మీద చిన్న ఇల్లు కట్టించుకుని, పదేళ్ళ వయసున్న చార్లీ అనే పూడిల్ కుక్కతో దేశం చుట్టి వచ్చాడు. బండికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టాడు. దారిలో చార్లీకి మూత్రం కట్టుకుంది. ఒక డాక్టరు సరిగ్గా చూడలేదు, ఇంకో ఊళ్ళో కుర్ర డాక్టరు ప్రేమగా చూసి నయం చేశాడు. 1962లో వచ్చిన ఆ పుస్తకంలో అమెరికా గురించి ఎంత ఉందో, ముసలి కుక్క సుఖం గురించీ అంత ఉంది. అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఇప్పుడు పెద్దాయన మాటలో మొదటి సగం. "మనుషులకే దిక్కు లేదు." నిజమే. కూలి సరిపోని ఇళ్ళు, దగ్గుతో మంచం పట్టినవాళ్ళు, పిల్లల ఫీజులు కట్టలేనివాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళకు రావలసిన రూపాయి కుక్కకు పెట్టమని నేను అనను. కానీ ఇక్కడ అడుగుతున్నది సంఘం డబ్బు కాదు. ఒక కొడుకు తన సంపాదనతో తల్లి కోరిక తీర్చాలనుకుంటున్నాడు. నలభై ఏళ్ళు చేట ముందు కూర్చున్న మనిషి తన కోసం ఏమీ అడగలేదు. పక్కన కూర్చున్నదాని కోసం అడిగింది. పిల్లలు పుణేకు, హైదరాబాదుకు పోయాక ఇంట్లో ఆమె మాట విన్నది ఎవరో ఆమెకు తెలుసు. "కుక్కను ఎవరింట్లోనో వదిలి రా అమ్మా" అనడం తేలిక. మన ఇళ్ళలో ముసలివాళ్ళ గురించి కూడా ఇదే మాట ఇప్పుడు ఎంత తేలికగా అంటున్నామో ఒక్కసారి ఆలోచించండి. కుక్కకు చోటు చూసే ఇంట్లో ముసలివాళ్ళకు చోటు తగ్గడం నేను చూడలేదు.

తమ్ముడికి నాలుగు పనికొచ్చే మాటలు. సోలాపూర్ నుంచి రెండు సముద్రాలకూ దారి ఉంది. 65వ నంబరు జాతీయ రహదారి పుణే నుంచి మన ఊరు, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది, మొత్తం 840 కిలోమీటర్ల చిల్లర. 166వ నంబరు కొల్హాపూర్, ఆంబా ఘాట్ మీదుగా రత్నగిరికి దింపుతుంది, ఇక్కడి నుంచి సుమారు 350 కిలోమీటర్లు. ముసలి కుక్కతో అయితే రత్నగిరే మేలు, అదీ ఒక్క రోజులో కాదు, కొల్హాపూర్‌లో రాత్రి ఆగి. ఎండాకాలం వద్దు, వానాకాలం వద్దు, మార్గశిర పుష్యాలు మంచివి. కుక్కకు మనలా ఒంటి నిండా చెమట పట్టదు, రొప్పి చల్లబడుతుంది. అందుకే ఎంత చిన్న పనికైనా బండిలో పెట్టి తాళం వేయకూడదు. రెండు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టాలి, నాలుగడుగులు వేయించాలి. ఉప్పునీళ్ళు తాగనివ్వకూడదు. రేబిస్ టీకా కాగితం దగ్గర ఉండాలి, బయలుదేరేముందు పశువుల డాక్టరుకు చూపించాలి. బండి మెట్టు ఎక్కలేదు కాబట్టి ఒక పలక చేయించి, దాని మీద పాత సోలాపూర్ చద్దర్ బిగించి మేకులు కొట్టు. కాళ్ళు జారవు. మన చద్దర్ ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2021లోనే కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. బండి అద్దెకు తీసుకునేటప్పుడు కుక్క ఉందని ముందే చెప్పి, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకో.

ఇంకో సంగతి. శ్రావణ పౌర్ణమి నాడు మనం జంధ్యాలు మార్చుకుని మార్కండేయ రథం లాగుతాం. అదే రోజు కొంకణ్ తీరంలో కోళీలు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, వానాకాలం ఆపిన పడవలు మళ్ళీ నీళ్ళలోకి దింపడానికి సిద్ధమవుతారు. వాళ్ళది నారళీ పౌర్ణమి. నూలు పట్టినవాడికీ వల పట్టినవాడికీ పండుగ ఒకటే. ఆ తల్లి ఒడ్డున దిగినప్పుడు మన వీధి తరఫున ఒక కొబ్బరికాయ ఇవ్వమనండి.

చివరగా ఒక విన్నపం. మీ కుటుంబం ఏ ఊరి నుంచి, ఏ దారిన, బండి మీదా రైల్లోనా సోలాపూర్ వచ్చిందో ఇంట్లో పెద్దలను అడిగి ఈ పోస్టు కింద రాయండి. ఎనభై దాటినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు, ఇప్పుడే అడగాలి. బండిలో ఎవరెవరు ఉన్నారో, దారిలో ఎవరు పోయారో, ఎవరిని వదిలి రావలసి వచ్చిందో అన్నీ రాయండి. బండి కింద నడిచినదాన్ని కూడా మరిచిపోకండి. పేరు గుర్తుంటే పేరుతో సహా.

జై మార్కండేయ.